అయస్కాంతం తీర్పు చెల్లదు

షాఫ్టులు ఆర్డరిచ్చిన పర్చేజ్ పెద్దమనిషి జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. పాత స్పీకరులోంచి ఊడదీసింది, అంచు కాస్త విరిగి ఉంది. నా బెంచీ మీద వరసగా పేర్చిన పద్దెనిమిది షాఫ్టుల్లో మొదటిదానికి తాకించాడు. టక్కున అంటుకుంది. రెండోదానికీ అంతే. మూడోదాని దాకా వెళ్లలేదు. "సార్, మేం ఎస్సెస్ అడిగితే మీరు ఇనుము ఇస్తారా?" అన్నాడు.

అది 410 అని చెప్పాను. అదీ స్టెయిన్‌లెస్ స్టీలేననీ, గట్టిపడడానికి హీట్ ట్రీట్‌మెంట్ చేయించి ఆ తర్వాత గ్రైండింగ్ పట్టామనీ చెప్పాను. మిల్లు సర్టిఫికెట్ చూపించాను. వాళ్ల డ్రాయింగులో మెటీరియల్ గడిలో 'ఎస్సెస్' అని తప్ప మరేమీ రాయలేదని కూడా గుర్తుచేశాను. ఆయన చెవికెక్కలేదు. "మాగ్నెట్ అంటింది కదా సార్, ఇంకేం మాట్లాడతారు? 316 వేసుంటే ఈ గొడవే ఉండేది కాదు" అని సరుకు వదిలేసి వెళ్లిపోయాడు. కోపంలో అయస్కాంతాన్ని కూడా బెంచీ మీదే మరిచిపోయాడు.

ఆ షాఫ్టుల కథ తర్వాత చెబుతాను. ముందు ఆయన మాటలో ఉన్న నమ్మకం సంగతి తేల్చాలి. అది ఆయనొక్కడిదే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. బాలానగర్ షెడ్డుల్లోనూ, చర్లపల్లి కంపెనీల పర్చేజ్ గదుల్లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ, కొత్తగా ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లల నోటా నేను ఇదే వింటున్నాను. దాన్ని విడదీస్తే మూడు మాటలు. అయస్కాంతం అంటితే అది స్టెయిన్‌లెస్ కాదు. నంబరు పెరిగేకొద్దీ సరుకు గొప్పది, అన్నిట్లోకీ 316 గొప్పది. ఏది వేయాలో తెలియకపోతే 316 వేసేస్తే పోయేదేమీ లేదు. మూడూ తప్పే. మొదటి రెండూ తెలియక అనే మాటలు. మూడోదాన్ని అందరూ జాగ్రత్త అంటారు గానీ, అది ఆలోచించే పనిని పక్కవాడి మీదికి తోసెయ్యడం.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదని మాత్రం ఒప్పుకోవాలి. మామూలు ఇనుముకు పైన తళతళ పూత పూసి స్టీలని అమ్మే మోసం ఉన్నంతకాలం అయస్కాంతం కొనేవాడిని కాపాడింది. చిన్న కొనుగోలుదారు దగ్గర ల్యాబు ఉండదు. సర్టిఫికెట్ చూపిస్తే అది నిజమైనదో, ఇంకో లాటుదో అతనికి తెలియదు. పది రూపాయల అయస్కాంతం అయితే అబద్ధం చెప్పదు. నిజమే, అది అబద్ధం చెప్పదు. కానీ మనం అడిగిన ప్రశ్నకు కాకుండా వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది. గొడవంతా అక్కడే.

స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టుక చూడండి. 1913 ఆగస్టులో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల తొందరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ప్రయత్నిస్తూ ఒక మిశ్రమం కరిగించి పోయించాడు. అందులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్. ఇప్పటి 304, 316లలో ఉన్నట్టుగా నికెల్ పాలు అందులో లేదు. ఆమ్లాలు దాన్ని ఏమీ చేయలేకపోవడం చూసి ఆయన ఆలోచన తుపాకుల మీంచి భోజనాల బల్ల మీది కత్తుల మీదికి మళ్లింది. ఆ ఉక్కు మన 410, 420లకు తాత లాంటిది. అయస్కాంతం దానికి నిక్షేపంగా అంటుకుంటుంది. మా పర్చేజ్ పెద్దమనిషి ఆ రోజు షెఫీల్డులో ఉండి ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టిన పూటే రిజెక్టయ్యేది.

తుప్పు పట్టకపోవడానికి కారణం క్రోమియం. ఉక్కులో అది సుమారు పదిన్నర శాతం దాటితే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లు, కంటికి ఆనదు. గీత పడితే గాలి తగలగానే మళ్లీ తనే పూడుకుంటుంది. అయస్కాంతానికి అంటుకోవడం, అంటుకోకపోవడం మాత్రం లోపల పరమాణువులు ఏ వరసలో కూర్చున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. నికెల్ తగినంత కలిస్తే ఆస్టెనైట్ అనే అమరిక నిలుస్తుంది, దానికి అయస్కాంతం అంటదు. 304, 316 ఈ తెగవి. 430 ఫెర్రైట్ తెగ. 410, 420, 440సి మార్టెన్సైట్ తెగ. ఈ రెండు తెగలకూ అంటుతుంది. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ చేతిలోని కత్తెర చాలావరకు ఈ చివరి తెగలోదే. దానికి అయస్కాంతం అంటుకుంటుందని ఆ కత్తెరను ఇనుప కొట్లో వేస్తామా?

పోనీ, అంటనిదల్లా మంచిదేనా? ఇక్కడే అసలు ముప్పు ఉంది. నికెల్ ఖరీదైన లోహం. దాన్ని తగ్గించి ఆ చోట మాంగనీసు, నత్రజని వేసినా ఆస్టెనైట్ నిలుస్తుంది. 202లో నికెల్ 4 నుంచి 6 శాతం, మాంగనీసు ఏడున్నర నుంచి 10 శాతం. బజారులో జె4 అని పిలిచే రకంలో నికెల్ ఇంకా తక్కువ. ఇవేవీ నకిలీలు కావు, వాటి చోట వాటికి పని ఉంది. కానీ 304 పేరు చెప్పి వీటిని అంటగట్టేవాడికి అయస్కాంతమంటే భయం లేదు, ఎందుకంటే వీటికీ అది అంటదు. అటు పక్కన నిఖార్సైన 304 రాడ్డును చల్లగా లాగినా, షీటును వంచినా ఆ ఒత్తిడికి కొంత ఆస్టెనైట్ మార్టెన్సైట్‌గా మారి అయస్కాంతం మెల్లగా లాగుతుంది. 316కు సాటి పోత రకమైన సిఎఫ్8ఎం వాల్వు బాడీలో ఫెర్రైట్ కొంత కావాలనే ఉంచుతారు, పోతలో పగుళ్లు రాకుండా. దానికీ కాస్త అంటుతుంది. అంటే ఈ పరీక్షలో మోసగాడు పాసవుతాడు, నిజాయితీగా ఇచ్చినవాడు ఫెయిలవుతాడు. అలాంటి పరీక్షను పదో తరగతి పిల్లలకు పెడితే తల్లిదండ్రులు రోడ్డెక్కుతారు.

ఇక నంబరు సంగతి. 316 అంటే 304 కన్నా పన్నెండు మెట్లు పైన అని చాలామంది మనసులో ఉంది. రైలు నంబరు పెద్దదైతే రైలు వేగంగా పోతుందా? ఇవి కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చిన అంకెలు, మార్కులు కావు. 304లో క్రోమియం 18 నుంచి 20 శాతం. 316లో 16 నుంచి 18 శాతమే. గొప్పదని చెప్పుకునే దాంట్లో ఆ ముఖ్యమైన దినుసు తక్కువ! దానికి బదులు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం వేస్తారు, నికెల్ కాస్త పెంచుతారు. ఆ మాలిబ్డినం చేసే మేలు ప్రధానంగా ఒకటి. ఉప్పులోని క్లోరైడ్ పై పొరను అక్కడక్కడ పొడిచి గుంటలు పెట్టకుండా అడ్డుకుంటుంది. అది గొప్ప మేలే. కానీ క్లోరైడ్ లేని చోట ఆ మేలుకు పనేముంది? బలం పెరగదు. మెత్తబరిచిన 304కైనా 316కైనా ఈల్డ్ స్ట్రెంగ్త్ కనీసం 205 మెగాపాస్కల్ అనే ప్రమాణాల్లో రాసి ఉంటుంది. గట్టిదనమూ పెరగదు. కోయడం తేలికా కాదు. వర్షం పడని ఊళ్లో ఖరీదైన గొడుగు పట్టుకు తిరగడమే.

మెషిన్ మీదికి వద్దాం. గ్రేడు ఎంచుకునేవాళ్లలో చాలామంది ఎప్పుడూ నిలబడని చోటు అది. 304 రాడ్డును లేత్ మీద ఎక్కించి టూలు పెట్టగానే చిప్ తెగదు. పొడవాటి రిబ్బనులా వచ్చి చక్ చుట్టూ, టూలు చుట్టూ చుట్టుకుంటుంది. కుర్రాడు మెషిన్ ఆపి కొక్కెంతో లాగి తియ్యాలి. అదే మందం 303 రాడ్డు ఎక్కించండి. చిప్స్ అటుకుల్లా రాలి ట్రేలో పడతాయి. తేడా ఎక్కడుంది? 303లో కనీసం 0.15 శాతం గంధకం వేస్తారు. అది మాంగనీసుతో కలిసి లోపల చిన్న చిన్న రవ్వలుగా ఉంటుంది. టూలు వచ్చినప్పుడు చిప్ ఆ రవ్వల దగ్గర పుటుక్కున తెగుతుంది. తేలికగా తెగే మామూలు ఉక్కును 100గా పెట్టుకుని లెక్క కట్టే పాత పద్ధతి ఒకటుంది. అందులో 303కు సుమారు 75, 304కు 45 దరిదాపు, 316కు అంతే లేదా ఇంకా తక్కువ. మార్టెన్సైట్ తెగలోని 416కు 85 పైమాటే.

రాడ్డు పెట్టే బాధ చిప్‌తో అయిపోదు. ఆస్టెనైట్ తెగకు రెండు మొండి గుణాలున్నాయి. వేడిని తనలోంచి పోనివ్వదు. మామూలు ఉక్కు మోసుకుపోయే వేడిలో మూడో వంతే మోస్తుంది, అందుకే వేడంతా టూలు మొన మీద కూర్చుంటుంది. రెండోది, రుద్దితే గట్టిపడుతుంది. టూలు విరుగుతుందేమోనని భయపడి కుర్రాడు ఫీడ్ తగ్గిస్తాడు. టూలు కోయడం మాని రుద్దుతుంది. రుద్దిన చోట చర్మం బిగుస్తుంది. మరుసటి కోత ఆ బిగిసిన చర్మం మీదే పడాలి. 316 బ్లాకులో మూసిన రంధ్రానికి ఎం6 మర తీస్తుంటే చివరి రెండు చుట్లలో ట్యాప్ విరిగే చప్పుడు ఒకసారి విన్నవాడు మళ్లీ మరిచిపోడు. మొగ్గ విరిగినట్టు చిన్న శబ్దం. అప్పటికే పది పనులు పూర్తయిన బ్లాకు అది. విరిగిన ముక్కను స్పార్క్ మెషిన్ మీద తీయించాలి, లేదా బ్లాకును స్క్రాపులో వెయ్యాలి. పొడి గాలిలో, ఏసీ గదిలో ఉండే ఆ బ్లాకుకు 316 ఎందుకు అని అడిగితే, 'మంచిదని రాశారు' అంటారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే పిచ్చుకకు ఏమవుతుందో గానీ, ఇక్కడ విల్లు విరిగేది మాదే.

లెక్క కూడా చూడాలి. కోసి చేసే భాగంలో రాడ్డు ధర ఒక పాలు మాత్రమే. మెషిన్ తిరిగిన గంటలు, అరిగిన ఇన్సర్టులు, విరిగిన ట్యాపులు, కుర్రాడు చిప్స్ లాగడానికి ఆపిన నిమిషాలు, అన్నీ బిల్లులో చేరతాయి. రాడ్డు బరువులో సగానికి సగం చిప్స్‌గా పోయే జాబుల్లో కస్టమరు మాలిబ్డినం, నికెల్ కొని చెత్త ట్రేలో పోసుకుంటున్నట్టే. ఖరీదైన మెటీరియల్ అడిగినవాడికి మేం ఖరీదైన గంటలు కూడా కలిపి అమ్ముతాం. అది మాకు లాభంగా కనిపించవచ్చు. కానీ మళ్లీ ఆర్డరు రాదు.

ఇంత చెప్పి 303ను నెత్తిన పెట్టుకుంటే నేనూ అదే తప్పు చేసినవాణ్ణవుతాను. చేశాను కూడా. ఓసారి ట్యాంకుకు అతికే నిపుల్స్ ఆర్డరు వచ్చింది. చిన్నవి, ఎక్కువ సంఖ్యలో కావాలి, మర తీయాలి. సంతోషంగా 303 వేశాను. మెషిన్ల మీంచి పని పరుగెత్తింది. వాటిని వెల్డింగ్ చేసిన చోట మాత్రం వెంట్రుక మందాన పగుళ్లు. నన్ను సుఖపెట్టిన ఆ గంధకమే వెల్డింగ్ వేడిలో ముందుగా కరిగి రేణువుల అంచుల మధ్య పొరగా చేరుతుంది, లోహం చల్లబడి కుదించుకుపోయేటప్పుడు అక్కడే విడిపోతుంది. పైగా ఆ గంధకపు రవ్వలే తుప్పు గుంటలు మొదలయ్యే చోట్లు. లోటు మొత్తం నేనే భరించి 304ఎల్‌లో మళ్లీ చేసిచ్చాను. అందుకే చెబుతున్నాను, ఇది 316 మీద పగతో రాస్తున్నది కాదు. ఏ గ్రేడునైనా దేవుణ్ణి చేస్తే అది మన మీదే కూలుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోని గ్రేడు ఇంతవరకు ఎవరూ కరిగించలేదు.

ఇప్పుడు ఆ పద్దెనిమిది షాఫ్టుల కథ. ఆయన వాటిని వేరేచోట 316లో చేయించుకున్నాడు. అయస్కాంతం అంటలేదు, అందరూ సంతోషించారు. కొన్ని నెలలకు ఒక షాఫ్టు గుడ్డలో చుట్టుకుని తనే నా దగ్గరికి వచ్చాడు. మంచినీళ్ల పంపు షాఫ్టు అది. తుప్పు ఒక్క మచ్చ లేదు. ఆయిల్ సీల్ కూర్చునే చోట మాత్రం చుట్టూరా గాడి పడింది, గోరు పెడితే తగిలేంత. అక్కణ్ణుంచి నూనె కారుతోంది. రబ్బరు పెదవి, దానిలో ఇరుక్కున్న దుమ్ము కలిసి మెత్తటి 316ను కోసేశాయి. నేనిచ్చిన 410 గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 40 దగ్గర ఉండేది. మెత్తబరిచిన 316 ఆ స్కేలుకే అందదు, దాన్ని బి స్కేలు మీద కొలవాలి. హీట్ ట్రీట్‌మెంట్ చేసి గట్టిపరుద్దామన్నా 316 వినదు, దాని తెగకు ఆ గుణమే లేదు. ఆ షాఫ్టుకు శత్రువు తుప్పు కాదు, అరుగుదల. మనం ఎదురుగా లేని శత్రువుకు కోట కట్టి, ఉన్న శత్రువుకు తలుపు తీశాం.

మా అమ్మమ్మ కత్తిపీట ఇనుపది. వాడి కడిగి అలాగే పెడితే తెల్లారేసరికి ఎర్రబడేది, చింతపండు పెట్టి తోమేది. అయినా కంద ముక్కలు సన్నగా తెగేవి. ఆ అలుగును 316తో చేస్తే తుప్పు పట్టదు, కందా తెగదు. పదును నిలవాలంటే కార్బన్ ఉండాలి, ఉక్కు గట్టిపడాలి. అందుకే తుప్పూ పట్టకుండా పదునూ పోకుండా ఉండాల్సిన చోట 420, ఇంకా గట్టిగా కావాలంటే ఒక శాతం దాకా కార్బన్ ఉండి 58, 60 దాకా గట్టిపడే 440సి. 316ఎల్ పేరెత్తితే చేతులు జోడించే ఫార్మా పరిశ్రమనే చూడండి. జీడిమెట్ల, పాశమైలారం వైపు యంత్రాల్లో మందు తగిలే పాత్రలు, గొట్టాలు 316ఎల్‌వే, ఆ చోట అదే సరైనది. కానీ అదే కంపెనీలో పొడిని మాత్రగా నొక్కే పంచ్‌ను 316తో చెయ్యరు. టూల్ స్టీలుతో చేస్తారు, మందుకు ఉక్కును తినే గుణం ఉంటే 440సి వంటి వాటికి వెళతారు. ఒకే గోడ లోపల రెండు పనులకు రెండు ఉక్కులు. వాళ్ల దగ్గర్నుంచి మనం నేర్చుకున్నది మాత్రం '316ఎల్' అనే పేరొక్కటే.

బలం కావాలనుకుందాం. 17-4 పిహెచ్ అనే రకం ఉంది. క్రోమియం, నికెల్‌తో పాటు 3 నుంచి 5 శాతం రాగి ఉంటుంది. మెత్తగా ఉన్నప్పుడే కోసుకుని, తర్వాత 482 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే ఈల్డ్ స్ట్రెంగ్త్ 1170 మెగాపాస్కల్ దాటుతుంది. 316కు అయిదున్నర రెట్లు! ఆ వేడికి పెద్దగా వంకర పోదు, కాకపోతే వంద మిల్లీమీటర్లకు 0.05 మిల్లీమీటర్ల దాకా కుదించుకుపోతుంది. ఆ సంగతి తెలిసిన టర్నరు ముందే ఆ కాస్త వదిలి కోస్తాడు. ఇలాంటి ప్రత్యేక ఉక్కులు తయారుచేసే మిధాని మన కంచన్‌బాగ్‌లోనే 1973 నుంచి ఉంది. ఊళ్లోనే అంత విద్య పెట్టుకుని, రాణిగంజ్‌లో రాడ్డు కొనేటప్పుడు అయస్కాంతం వైపు చూడడం ఏమి న్యాయం? 17-4కూ అయస్కాంతం అంటుతుంది మరి. 316 లోటు బలంలోనే కాదు, బోల్టూ నట్టూ రెండూ 316వే వేసి బిగించినప్పుడు అవి ఒకదాన్నొకటి కరుచుకుని ఊడకుండా పోవడం కూడా ఫిట్టర్లకు తెలిసిన బాధే. జత పోల్చి, గట్టిదనంలో తేడా ఉంచి, మధ్యలో తగిన గ్రీజు పూసేవాడికి ఆ బాధ తక్కువ.

"సరే, అరుగుదలా బలమూ పక్కన పెట్టండి. తుప్పు విషయంలోనైనా 316 రాజే కదా" అంటారు. అదీ కాదు. గుంటలు పడకుండా తట్టుకునే శక్తికి ఒక లెక్క ఉంది. క్రోమియం శాతానికి, మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నత్రజనిని 16తో హెచ్చించి కలుపుతారు. 304కు అది 18, 19 వస్తుంది. 316కు 24 దరిదాపు. 2205 అనే డ్యూప్లెక్స్ ఉక్కుకు 35. ఎప్పుడూ సముద్రపు నీళ్లలోనే మునిగి ఉండే భాగానికి 40 దాటినదాన్ని చూడాలంటారు. విశాఖ ఒడ్డున సముద్రపు నీళ్లు తోడే పంపులో 316 వాషరు కింద సందులో తుప్పు పడితే, 'నకిలీ 316 ఇచ్చారు' అని సప్లయరు మీద పడతారు. అసలు 316 అయినా అక్కడ పడుతుంది. నీళ్లు కదలని ఇరుకు సందులో ఆక్సిజన్ అయిపోతుంది, పొర మళ్లీ పూడుకోదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటరు బోల్టుల తల కింద జరిగేదీ ఇదే, అక్కడ 202 వేస్తే ఇంకా ముందుగా జరుగుతుంది.

ఇంతకన్నా ఘోరమైనది కంటికి కనబడని పగులు. లాగుడు ఒత్తిడిలో ఉన్న 304, 316లకు క్లోరైడ్ తగిలి, వేడి సుమారు 60 డిగ్రీలు దాటితే తుప్పు రంగు కూడా కనబడకుండా చీలిపోవచ్చు. ఆవిరై ఉప్పు గడ్డకట్టే చోట అంత వేడి కూడా అక్కర్లేదు. 1985 మే నెలలో స్విట్జర్లాండులోని ఉస్టర్ పట్టణంలో ఈతకొలను మీద కాంక్రీటు సీలింగు కూలి 12 మంది చనిపోయారు. ఆ సీలింగును మోసిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు కొలను గాలిలోని క్లోరైడ్ వల్ల లోలోపల పగిలాయి. తుప్పు పట్టదన్న పేరే అక్కడ మనుషుల్ని ఏమార్చింది.

గ్రేడు సరైనదే అయినా పని తప్పుగా చేస్తే దాని పరువు పోతుంది. మామూలు ఇనుము రుద్దిన గ్రైండింగ్ రాయితోనే 316ను రుద్దితే ఇనుప రేణువులు దానిలో గుచ్చుకుని వారానికల్లా ఎర్ర చుక్కలు లేస్తాయి. తప్పు ఉక్కుది కాదు, రాయిది. కోత పూర్తయ్యాక నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంలో ముంచి ఆ రేణువుల్ని తొలగించే పాసివేషన్ అనే పని అందుకే ఉంది. చాలా డ్రాయింగుల్లో ఆ మాటే ఉండదు. గ్రేడు మీద యుద్ధం చేసినవాళ్లు ఆ ఒక్క లైను రాయడం మరిచిపోతారు.

ఎదుటివాళ్ల వాదనలో అన్నిటికన్నా బలమైనది ఇది. "మేం మెటలర్జిస్టులం కాదు. పది గ్రేడులు స్టాకు పెట్టలేం. అన్నిటికీ 316 వేస్తే కాస్త ఖర్చయినా నిద్ర పడుతుంది." విన్నప్పుడు పెద్దమనిషి మాటలా ఉంటుంది. జాగ్రత్తకు ఒక దిశ ఉంటేనే అది జాగ్రత్త. తాడు బలం తెలియకపోతే లావు తాడు వేస్తాం, లావైనందుకు నష్టం లేదు. ఉక్కు గ్రేడులు అలా ఒకే వరసలో లేవు. ఇటు జరిగితే తుప్పు నుంచి కాపు, అటు జరిగితే అరుగుదల నుంచి కాపు, ఇంకో పక్కకు జరిగితే కోయడంలో సులువు. 316 వైపు జరిగినవాడు అరుగుదలకు దగ్గరగా జరిగాడు. ఆ షాఫ్టు అదే చెప్పింది. ఇక నిద్ర మాటకొస్తే, 316 రాసినవాడికి నిద్ర పట్టేది భాగం నిలుస్తుందని కాదు, విరిగినా తనను ఎవరూ అడగరని. 'అన్నిట్లోకీ మంచిదే వేశాం కదా' అన్న మాట ఫైల్లో ఉంటుంది. ఫైలుకు తుప్పు పట్టదు, నిజమే.

మెటలర్జిస్టు కాకపోయినా అడగగలిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. భాగానికి ఏమి తగులుతుంది, మంచినీళ్లా, ఉప్పునీళ్లా, మందా, ఉత్త గాలా? ఎంత వేడిలో? దాని మీద ఏదైనా రుద్దుకుంటుందా? బరువు మోస్తుందా? వెల్డింగ్ పడుతుందా? ఎంత మేర కోయాలి? తుప్పు ప్రశ్న మొదట రావాలి, ఎందుకంటే అక్కడ తప్పితే మిగతావేవీ ఆదుకోవు. అదొక్కటే ప్రశ్న అనుకోవడం మాత్రం తప్పు. వెల్డింగ్ ఉంటే కార్బన్ 0.03 శాతం మించని ఎల్ రకం. లేకపోతే 450 నుంచి 850 డిగ్రీల మధ్య క్రోమియం కార్బన్‌తో జతకట్టి రేణువుల అంచులను బోడి చేస్తుంది. వెల్డింగ్ లేదు, ఉప్పు లేదు, కోత ఎక్కువ అంటే 303ను తలుచుకోండి. జవాబులు డ్రాయింగులోకి ఎక్కాలి. గ్రేడుతో పాటు ఏ స్థితిలో కావాలో కూడా రాయాలి. 17-4 అని మాత్రమే రాస్తే సగమే రాసినట్టు.

నకిలీ భయం నిజమైనదే, దానికి మందు వేరే ఉంది. రాడ్డు మీది హీట్ నంబరు సర్టిఫికెట్‌లోని నంబరుతో కలిసిందో లేదో చూడడం మొదటి మెట్టు. చేతిలో పట్టుకుని చూసే ఎక్స్‌రే గన్ క్రోమియం, నికెల్, మాలిబ్డినం శాతాలు నిమిషంలో చెబుతుంది. అయితే అదీ కార్బన్‌ను చదవలేదు, కాబట్టి 316కూ 316ఎల్‌కూ తేడా దానికి తెలియదు. దానికి స్పార్క్ పెట్టి చదివే స్పెక్ట్రోమీటరు కావాలి. పెద్ద యంత్రానికైనా చిన్న అయస్కాంతానికైనా, దేనికి తెలిసింది ఎంతో ముందు మనకు తెలియాలి.

ఆ పెద్దమనిషి గుడ్డలో చుట్టి తెచ్చిన షాఫ్టు చూశాక మళ్లీ 410లోనే చేసిచ్చాను. ఈసారి డ్రాయింగులో గ్రేడు, గట్టిదనం రెండూ తనే రాయించి తెచ్చాడు. అయస్కాంతం గుర్తుచేశాను, నవ్వి తీసుకోకుండా వెళ్లిపోయాడు. అదింకా నా షెడ్డులో రాడ్లు పెట్టే స్టాండు పక్కన మేకుకు వేలాడుతోంది. రాడ్ల చివర గ్రేడు గుర్తుగా వేసిన రంగు చెరిగిపోయి 303 ఏదో 416 ఏదో తెలియనప్పుడు కుర్రాళ్లు దాన్ని తీసి తాకిస్తారు. రెండింట్లో ఒకదానికి అంటుతుంది, ఒకదానికి అంటదు. అంతవరకు దాని మాట మేం వింటాం.